ఆర్.ఓ. యంత్రము: రెండు గొట్టముల లెక్క

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



నేడు మన గ్రామములలో ఆర్.ఓ. ప్లాంటు అను మాట ఎరుగనివారు లేరు. ప్రొద్దు పొడిచినది మొదలు ఇరువది లీటర్ల క్యానులతో జనము ఆ గది ముందర వరుసగా నిలుచుట మనము నిత్యము చూచుచున్నదే. ఆ ప్లాంటులలో పంచాయతీలు నెలకొల్పినవి కొన్ని, దాతలు కట్టించి యిచ్చినవి కొన్ని, వ్యాపారులు నడుపునవి కొన్ని. 2014లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 20 లీటర్ల శుద్ధజలమును 2 రూపాయలకు అందించుటకు ఎన్.టి.ఆర్. సుజల పథకమును ప్రారంభించిన పిమ్మట ఈ యంత్రములు మరింత ప్రచారములోనికి వచ్చినవి. అయినను, ఆ గదిలోని యంత్రము నీటిని ఏమి చేయుచున్నది, అందుండి తీసివేయబడిన దోషము ఎచటికి పోవుచున్నది అని అడిగినచో సమాధానము చెప్పగలవారు కొలది మందియే.

1992లో జరిగిన 73వ సవరణ ద్వారా రాజ్యాంగమునకు చేర్చబడిన 11వ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన విషయములు 29 కలవు. అందులో త్రాగునీరు ఒకటి. కావున ఈ యంత్రము పని చేయు తీరును గ్రహించుట ఇంజనీర్లకే విడిచి పెట్టదగిన విషయము కాదు. ప్లాంటుకు స్థలము కేటాయించుచు తీర్మానము చేయు ప్రతి సభ్యునకును, ప్రతి సభ్యురాలికిని ఇది తెలిసియుండవలెను.

నీటిలోని మూడు దోషములు

నీటిని చెడగొట్టు పదార్థములను మూడు తరగతులుగా విభజింపవచ్చును. మొదటిది కంటికి కనబడు మురికి: మట్టి, ఇసుక, నాచు. గుడ్డతో వడకట్టియో, చిల్లగింజ అరగదీసి కలిపియో, పటిక త్రిప్పియో దీనిని పోగొట్టుట మన పెద్దలకు తెలిసిన విద్యయే. రెండవది కంటికి కనబడని సూక్ష్మజీవులు. కలరా, టైఫాయిడు, విరేచనములు వీని వలన వచ్చును. నీటిని కాచి చల్లార్చుట వలనను, బ్లీచింగు పౌడరు తగు పాళ్ళలో కలుపుట వలనను ఇవి నశించును.

మూడవది నీటిలో కరిగిపోయిన లవణములు. మామూలు ఉప్పు, సున్నపు లవణములు, నైట్రేటు, ఫ్లోరైడు మొదలగునవి ఈ తరగతికి చెందినవి. ఇవి గుడ్డకు చిక్కవు. ఫ్లోరైడు కాచినను పోదు. పైపెచ్చు నీరు ఆవిరియైన కొలదియు మిగిలిన నీటిలో అది మరింత చిక్కనగును. "నీళ్లు బాగా మరగకాచితిమి, ఇక భయము లేదు" అని ఫ్లోరైడు గల గ్రామములలో అనుకొనుట ప్రమాదకరము.

ఈ ఫ్లోరైడు పీడ మనకు క్రొత్తది కాదు. మన దేశములో దీనివలన కలుగు వ్యాధిని వైద్యులు మొదట వర్ణించి ప్రకటించినది 1937లో, నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా గ్రామములను పరిశీలించియే. తెలంగాణలో నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ, మునుగోడు, చండూరు ప్రాంతములు ఈ బాధను తరతరములుగా అనుభవించినవి. పళ్ళు రూపొందు వయస్సులో పిల్లలు ఇట్టి నీరు త్రాగినచో పళ్ళకు పసుపు, గోధుమ రంగు చారలు పడును. ఫ్లోరైడు మిక్కుటముగా గల నీటిని ఏండ్ల తరబడి త్రాగినచో ఎముకలు, కీళ్ళు బిగిసిపోయి, నడుము వంగి, మనిషి తన పని తాను చేసికొనలేని స్థితి ఏర్పడును. ఒకసారి వంగిన ఎముకను తిరిగి నిలుపగల మందు లేదు. నివారణ మొక్కటే మార్గము.

భారతీయ ప్రమాణముల సంస్థ 2012లో సవరించిన ప్రమాణము ప్రకారము త్రాగునీటిలో లీటరునకు 1 మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడు ఉండవచ్చును. వేరొక ఆధారము లేనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతింపబడినది. కరిగియున్న మొత్తము లవణములు, అనగా టి.డి.ఎస్., లీటరునకు 500 మిల్లీగ్రాముల లోపుండుట మంచిది. గత్యంతరము లేనిచోట 2,000 వరకు అనుమతి కలదు. నైట్రేటు మాత్రము 45 మిల్లీగ్రాములకు మించరాదు. దానికి సడలింపు లేదు.

మాగాయ చెప్పు శాస్త్రము

ఆర్.ఓ. అనగా రివర్స్ ఆస్మాసిస్. మన పాఠ్యపుస్తకములలో ఆస్మాసిస్‌ను ద్రవాభిసరణమందురు. పేరు కఠినముగా తోచినను ఇది మన వంటయింట ఏటేట జరుగుచున్న క్రియయే. మాగాయ పెట్టునపుడు మామిడి ముక్కలకు ఉప్పు పట్టించి జాడీలో నుంచుదుము. చుక్క నీరు పోయకున్నను మూడవనాటికి ముక్కలు మునుగునంత ఊట ఊరును. ఆ నీరు ముక్కలలోనిదే. వెలుపలి ఉప్పు చిక్కదనము లోపలి నీటిని ఈడ్చినది. ఎండు ద్రాక్షను మంచినీటిలో వేసినచో దీనికి విరుద్ధముగా జరుగును. లోపల చక్కెర చిక్కగా నున్నందున వెలుపలి నీరు లోనికి చొచ్చి ద్రాక్ష ఉబ్బును.

ఈ రెంటిలోను ఒకే నియమము కలదు. నీటిని పోనిచ్చి, అందు కరిగిన పదార్థమును పెక్కువరకు ఆపు పొర యొకటి నడుమ నున్నపుడు, పలుచని వైపు నుండి చిక్కని వైపునకు నీరు తనంత తాను నడచును. ఫ్రాన్సు దేశస్థుడైన నోలే అను పండితుడు 1748లో పంది మూత్రాశయపు పొరతో ఈ ధర్మమును గమనించి తెలిపెను.

ఇప్పుడు నీటిని దీనికి ఎదురు నడిపింపవలెననుకొందము. ఉప్పు గల వైపున తగినంత ఒత్తిడి కలిగించినచో, నీరు పొరను దాటి మంచినీటి వైపునకు పోవును. లవణము వెనుక నిలిచిపోవును. ఇదియే రివర్స్, అనగా తిరుగు నడక.

వినుటకు సులభమే గాని, అంత ఒత్తిడికి ఓర్చుచు, తగినంత నీటిని వడిగా వదలగల పొరను చేయుట చిరకాలము సాధ్యము కాలేదు. 1960 ప్రాంతమున లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములో సిడ్నీ లోబ్, భారతదేశమున జన్మించిన శ్రీనివాస సౌరిరాజన్ అను శాస్త్రజ్ఞులిరువురు సెల్యులోజ్ ఎసిటేటుతో అట్టి పొరను తయారు చేసిరి. భూగర్భజలము ఉప్పగా నుండు కోలింగా అను కాలిఫోర్నియా పట్టణములో 1965లో ఈ పద్ధతిపై పనిచేయు ప్లాంటు పౌరులకు నీరందించెను. 1970 తరువాత పాలీఅమైడు అను పదార్థముతో చేసిన మరింత పలుచని పొరలు వచ్చినవి. నేడు మన ప్లాంటులలో నున్నవి సాధారణముగా ఇవియే.

ఎంత ఒత్తిడి కావలెను? పది మీటర్ల ఎత్తు గల నీటి స్తంభము చదరపు సెంటీమీటరుపై సుమారు ఒక కిలోగ్రాము ఒత్తిడి కలిగించును. మన గ్రామములోని ఓవర్‌హెడ్ ట్యాంకు నీరు కుళాయి వద్ద ఇంచుమించు అంతటి బలముతో వచ్చును. బోరు నీటిని శుద్ధి చేయు యంత్రములలో సామాన్యముగా అందుకు ఎనిమిది నుండి పదిహేను రెట్ల ఒత్తిడి అవసరమగును. సముద్రపు నీటికి యాభై అయిదు, అరువది రెట్లు కావలెను. ఆ గదిలో మోటారు చేయు హోరు ఇందులకే. కరెంటు బిల్లును ఇందులకే.

గదిలోని వరుస

ప్లాంటు గదిలో నీరు నడచు వరుసను సభ్యులు ఒకసారి స్వయముగా చూచుట మంచిది. బోరు నీరు మొదట ఇసుక ఫిల్టరులోనికి పోవును. అచట మట్టి ఆగును. తరువాత బొగ్గు ఫిల్టరు. ఇది వాసనను, ముఖ్యముగా క్లోరినును పీల్చుకొనును. క్లోరిను తగిలినచో పాలీఅమైడు పొర చెడిపోవును. కావున ఓవర్‌హెడ్ ట్యాంకులో బ్లీచింగు కలుపు ఉద్యోగికిని, ప్లాంటు నడుపు వానికిని నడుమ సమాచారము ఉండవలెను. అటుపిమ్మట, పొరపై సున్నము పొలుసు కట్టకుండుటకు కొద్దిగా మందు కలుపుదురు. ఆపై 5 మైక్రానుల సన్నని ఫిల్టరు. దాని పిమ్మట అధిక ఒత్తిడి పంపు.

పంపు నుండి నీరు పొడవైన గొట్టములలోనికి చేరును. అందు పొరలు చాప చుట్టినట్లు నడిమి గొట్టము చుట్టును చుట్టబడియుండును. లవణ కణములు తమ చుట్టును నీటి అణువులను కప్పుకొని బరువెక్కి యుండుటచేత పొరను సులభముగా దాటలేవు. దాటిన నీరు నడిమి గొట్టములోనికి చేరి ఒక మార్గమున వెలికి వచ్చును. దాటలేని లవణమును కడిగికొనుచు మిగిలిన నీరు వేరొక మార్గమున వెలికి పోవును. ఈ రెండవ నీటినే రిజెక్టు అందురు. నీరు ఎక్కువ మిగులునన్న ఆశతో ఆ రెండవ మార్గమును బిగించి మూసినచో, లవణము పొరపైననే పేరుకొని అనతికాలములో పొర నాశనమగును. కావున రిజెక్టు నీరు యంత్రపు లోపము కాదు. అది లేక యంత్రము లేదు.

జమాఖర్చు

పంచాయతీ సభ్యులకు జమాఖర్చులు క్రొత్త కావు. ఈ యంత్రమునకు కూడ ఒక జమాఖర్చు వ్రాసి చూతము.

ఒక గ్రామములో 250 కుటుంబములు కలవనుకొందము. త్రాగుటకును వంటకును ఇంటికి రోజునకు 20 లీటర్ల చొప్పున 5,000 లీటర్ల శుద్ధజలము కావలెను. వచ్చిన నీటిలో సగము మంచినీరుగా మారినచో, బోరు నుండి 10,000 లీటర్లు తోడవలెను. ఆ నీటిలో టి.డి.ఎస్. లీటరునకు 1,500 మిల్లీగ్రాములు, ఫ్లోరైడు 3 మిల్లీగ్రాములు ఉన్నవనుకొందము.

అనగా యంత్రములోనికి రోజునకు 15 కిలోల లవణము పోయినది. శుద్ధమైన నీటిలో టి.డి.ఎస్. 100కు తగ్గినచో, 5,000 లీటర్లలో వెలికి వచ్చినది అర కిలో మాత్రమే. తక్కిన పదునాలుగున్నర కిలోలు ఏమైనవి? అవి అన్నియు రిజెక్టు నీటిలో నున్నవి. ఆ నీటి టి.డి.ఎస్. 2,900. ఇట్లే ఫ్లోరైడు శుద్ధజలములో లీటరునకు 0.3 మిల్లీగ్రాములకు తగ్గినచో, రిజెక్టు నీటిలో 5.7 మిల్లీగ్రాములకు పెరుగును. ఏడాది పొడవున లెక్కించినచో ఈ ఒక్క ప్లాంటు నుండి రిజెక్టు గొట్టము గుండ బయటకు పోవు లవణము 52 క్వింటాళ్ళకు పైమాటయే.

మేము ముఖ్యముగా మనవి చేయదలచినది ఇదియే. ఆర్.ఓ. యంత్రము లవణమును నాశనము చేయదు. ఒక గొట్టము నుండి మరియొక గొట్టమునకు మార్చును. మొదటి గొట్టపు నీటిని క్యానులలో పట్టుకొని పోవుటకు జనము వరుసలు కట్టుదురు. రెండవ గొట్టపు నీటిని అడుగువారు లేరు. దానిని అడుగవలసినది పంచాయతీయే.

పెక్కుచోట్ల ఆ నీరు ప్లాంటు ప్రక్క మురుగు కాలువలోనికో, పాడుపడిన బావిలోనికో పోవుచున్నది. బోరు ప్రక్కననే అది ఇంకినచో, తీసివేసిన లవణమును మరల తోడుకొనుటయే యగును. బోరు నీరు ఏటేట ఇంకను చిక్కనై, యంత్రముపై భారము పెరిగి, ఆ బోరుపై ఆధారపడిన చేతిపంపులు, పశువుల తొట్లు సైతము చెడును. క్యాను కొనగలవారికి మంచినీరు దక్కును. కొనలేనివారికి మునుపటికంటె చెడ్డనీరు మిగులును. గ్రామ ప్రజలందరి మేలునకై పెట్టిన యంత్రము ఇట్టి ఫలితము నీయరాదు.

కావున రిజెక్టు నీటిని పాత బావిలోనికి గాని, ఇంకుడు గుంతలోనికి గాని, చెరువులోనికి గాని వదలరాదు. పశువులకు పెట్టరాదు, ఫ్లోరైడు వాని పళ్ళకును ఎముకలకును చేటే. కూరపాదులకు పోయరాదు. మరుగుదొడ్లు కడుగుటకు, బండ్లు కడుగుటకు, దారిలో దుమ్ము అణచుటకు కొంత వాడుకొనవచ్చును గాని, ఇవన్నియు త్రాగునీటి బోరులకు దూరముగా జరుగవలెను. తక్కినదానిని అడుగున ఇంకకుండ గట్టిచేసిన ఎండబెట్టు చెరువులో ఆవిరి చేయుట ఒక మార్గము. రోజునకు సగటున 5 మిల్లీమీటర్లు ఆవిరియగుననుకొన్నను, 5,000 లీటర్ల రిజెక్టు నీటికి వేయి చదరపు మీటర్ల స్థలము, అనగా సుమారు 25 సెంట్లు లేక 10 గుంటల నేల కావలెను, వానకాలమునకు మరికొంత. ప్లాంటు గదికి స్థలము చూచిననాడే ఈ స్థలమును కూడ చూడవలెను. దాత యంత్రమును ఇచ్చుట సంతోషమే. కాని రెండవ గొట్టము ఎచటికి పోవునో చెప్పనిదే తీర్మానము చేయరాదు.

యంత్రము అవసరము లేనిచోటు

ఆర్.ఓ. అన్ని గ్రామములకును అవసరమైనది కాదు. ఆ పొరకు మంచి చెడ్డల భేదము తెలియదు. ఫ్లోరైడుతోపాటు శరీరమునకు ఉపయోగపడు కాల్షియమును, మెగ్నీషియమును కూడ అది తీసివేయును. టి.డి.ఎస్. 500 లోపున్న నీటికి ఆర్.ఓ. వాడకమును నిషేధింపవలెనని జాతీయ హరిత ట్రిబ్యునలు 2019లో ఆదేశించుటకు నీటి వృథాయు, ఈ విషయమును కారణములు. నీటిలో సూక్ష్మజీవులే దోషమైనచో దానికి క్లోరిను చాలును; బురదయే దోషమైనచో ఇసుక ఫిల్టరు చాలును.

నదీజలము వచ్చు గ్రామముల సంగతి వేరు. తెలంగాణలో 2016 ఆగస్టు 7న గజ్వేల్ ప్రాంతములోని కోమటిబండ వద్ద ప్రారంభింపబడిన మిషన్ భగీరథ, 2019లో కేంద్రము ప్రకటించిన జల్ జీవన్ మిషన్ ఇంటింటికి కుళాయి నీరు చేర్చు ఉద్దేశముతో ఏర్పడినవి. శుద్ధి చేసిన నదీజలము కుళాయిలో వచ్చుచున్నను, బోరు నీటిని యంత్రములో పోసి క్యానులలో కొనుక్కొను అలవాటు పలుచోట్ల పోలేదు. అట్టి గ్రామములలో కుళాయి నీటిని పరీక్ష చేయించి, ఆ ఫలితమును పంచాయతీ కార్యాలయపు గోడపై అందరికి తెలియునట్లు వ్రాయించుట క్రొత్త యంత్రమును తెచ్చుట కంటె మేలైన సేవ.

పర్యవేక్షణ

యంత్రము అవసరమని తేలిన గ్రామములలో పంచాయతీ చేయవలసిన పనులు కొన్ని కలవు. ప్లాంటునకు ముందే బోరు నీటిని ప్రయోగశాలకు పంపి ఫ్లోరైడు, నైట్రేటు, టి.డి.ఎస్., సూక్ష్మజీవులు అన్నిటిని పరీక్ష చేయింపవలెను. తరువాత కూడ వానకు ముందొకసారి, వెనుకొకసారి చేయించుట మంచిది. జల్ జీవన్ మిషన్ క్రింద ప్రతి గ్రామములోను ఐదుగురు స్త్రీలకు కిట్టుతో నీటి పరీక్ష నేర్పు ఏర్పాటు కలదు. వారి సేవను వినియోగించుకొనవలెను.

ప్లాంటు వానిచేతిలోని టి.డి.ఎస్. మీటరును మాత్రమే నమ్మరాదు. అది నీటిలో విద్యుత్తు పారు తీరును బట్టి లవణముల మొత్తమును అంచనా వేయును. అందు ఫ్లోరైడు ఎంతయో చెప్పలేదు. సూక్ష్మజీవులున్నవో లేవో అసలే చెప్పలేదు. అయినను అది నిరుపయోగము కాదు. ప్రతిదినము ఒక పుస్తకములో మూడు అంకెలు వ్రాయింపవలెను: బోరు నీటి టి.డి.ఎస్., శుద్ధజలపు టి.డి.ఎస్., రిజెక్టు నీటి టి.డి.ఎస్. శుద్ధజలపు అంకె వారము వారము పెరుగుచున్నచో పొర చెడుచున్నదని అర్థము. బోరు నీటి అంకె ఏటేట పెరుగుచున్నచో రెండవ గొట్టపు నీరు ఎచట ఇంకుచున్నదో వెదకవలెను.

పొరలను కొన్ని ఏండ్లకొకసారి మార్చక తప్పదు. అందులకు క్యాను సొమ్ములో కొంత ప్రతినెల వేరుగా బ్యాంకులో వేయవలెను. ఈ నిధి లేక, పొర పాడైన నాడు తాళము పడిన ప్లాంటులెన్నో కలవు. రుచి కొరకని బోరు నీటిని శుద్ధజలములో కలుపుటను ఫ్లోరైడు గ్రామములలో పరీక్ష లేనిదే అనుమతింపరాదు. తీసిన ఫ్లోరైడును మరల కలుపుటయే యగును. ఇక, ఆర్.ఓ. నీటిలో క్లోరిను మిగిలియుండదు గనుక, మురికి క్యానులో పోసినచో అందు సూక్ష్మజీవులు తిరిగి పెరుగును. క్యానులను తోమించి కడిగించుట, మూత పెట్టించుట, ఒకటి రెండు దినములకు మించి నిలువ చేయరాదని చెప్పుట కూడ మన పనియే. ఫ్లోరైడు గల గ్రామములలో త్రాగుటకే కాక అన్నము, పప్పు వండుటకు కూడ శుద్ధజలమునే వాడవలెనని గృహిణులకు తెలుపవలెను.

సభ్యులారా, ఫ్లోరైడును తొలగించుటకు మన దేశములో పెక్కు ప్రయత్నములు జరిగినవి. 1970 తరువాతి దశకములో నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధనా సంస్థ సున్నము, పటిక, బ్లీచింగు పౌడరులతో ఒక పద్ధతిని రూపొందించి, దానికి మన నల్లగొండ పేరే పెట్టినది. అందును తీసివేసిన ఫ్లోరైడు అడుగున బురదగా మిగిలి, దానిని ఎచట పారవేయుట అను ప్రశ్న వచ్చినది. పద్ధతులు మారినను ప్రశ్న అదియే. ఫ్లోరైడు లేని నదీజలము మన గ్రామమునకు చేరువరకు ఈ యంత్రము మన పిల్లల పళ్ళను, ఎముకలను కాపాడగలదు. దానిని ఆదరింపుడు. అయితే ఈసారి గ్రామసభలో ప్లాంటు విషయము వచ్చినపుడు, రోజునకు ఎన్ని క్యానులు అమ్మితిరని అడుగుటతో ఆగక, రెండవ గొట్టము ఎచటికి పోవుచున్నదని కూడ అడుగుడు. ఆ సమాధానమును మినిట్సు పుస్తకములో వ్రాయింపుడు. ఇది మా మనవి.